మన్‌హైమ్ బాటలో చిన్న సైకిలు

జర్మనీ దేశములో రైన్ నది, నెక్కర్ నది కలిసే చోట మన్‌హైమ్ అనే పట్టణమున్నది. కొత్తగా వెళ్ళినవారికి ఆ పట్టణము ఒక పొడుపుకథ వలె ఉంటుంది. పాత పట్టణములోని చాలా వీధులకు పేర్లు లేవు. ఊరంతటినీ చదరంగపు బల్ల వలె గళ్ళుగా కొలిచి, ఒక్కొక్క గడికి ఒక అక్షరము, ఒక అంకె పెట్టారు. ఎవరినైనా ఇల్లెక్కడని అడిగితే "ఎమ్ 1" అనో "ఎన్ 5" అనో చెబుతారు. రెండు దినాలు తిరిగితే మాత్రము ఇక దారి తప్పము.

2023వ సంవత్సరము మే నెలాఖరున, అక్కడి ఒక సంఘస్థుల ఆహ్వానము మీద మేము దంపతులము ఆ పట్టణములో పన్నెండు దినాలు గడిపాము. జర్మనీ అనగానే మన గుంటూరు సీమ లూథరన్ కుటుంబాలకు 1842లో వచ్చిన హయ్యర్ అయ్యగారు గుర్తుకు వస్తారు. ఆయనను పంపినది అమెరికా సంఘమే అయినా, ఆయన పుట్టినది జర్మనీలోని హెల్మ్‌స్టెట్ అనే ఊరిలో. అయితే ఈ నెల మేము వ్రాయదలచినది అటువంటి గొప్పవారిని గూర్చి కాదు. నాలుగేండ్ల పిల్లవాడొకడు, వాని ఎర్ర సైకిలు, ఆ సైకిలు పుట్టిన బాట, వీటిని గూర్చి మాత్రమే.

మాకు బస ఇచ్చిన ఇల్లు పట్టణానికి దక్షిణాన రైనౌ అనే పేటలో ఉన్నది. దగ్గరలోనే రిలే స్ట్రాసె అనే పొడవైన వీధి పోతుంది. స్ట్రాసె అంటే వీధి. మరి "రిలే" ఏమిటని ఆ యింటి పెద్దాయనను అడిగాము. పూర్వము మన్‌హైమ్ నుండి ష్వెట్సింగెన్ రాజభవనానికి పోయే గుర్రపు బండ్లు ఈ దారినే పోయేవనీ, మధ్యలో అలసిన గుర్రాలను మార్చే మజిలీ ఇక్కడ ఉండేదనీ, అందుచేత ఆ పేరు వచ్చిందనీ ఆయన చెప్పారు. ఆయన ఫ్యాక్టరీలో ఫిట్టరుగా పనిచేసి రిటైరైన వ్యక్తి. ఇనుము మాట వచ్చినా చక్రము మాట వచ్చినా ఆయన ముఖము వెలుగుతుంది. "పాస్టర్ గారూ, ప్రపంచములో మొదటి సైకిలు ప్రయాణము మా వీధికే వచ్చింది" అని నవ్వుతూ అన్నారు.

అది నిజమే. కార్ల్ డ్రైస్ అనే ఆయన 1785లో కార్ల్స్‌రూహె పట్టణములో పుట్టాడు. అటవీ శాఖలో అధికారి. ఆయన కొయ్యతో ఒక బండి చేయించాడు. రెండే చక్రాలు, ఒకదాని వెనుక ఒకటి. మధ్యలో కూర్చునేందుకు సీటు, ముందు చక్రాన్ని తిప్పడానికి ఒక పిడి. పెడళ్ళు లేవు, చైను లేదు. సీటు మీద కూర్చొని నేలను కాళ్ళతో తన్నుకుంటూ పోవడమే. బరువు 20 కిలోలకు పైమాటే. 1817 జూన్ 12వ తేదీన ఆయన ఆ బండి మీద మన్‌హైమ్‌లో బయలుదేరి, ఈ గుర్రాల మజిలీ దాకా వచ్చి తిరిగి వెళ్ళాడు. పోను రాను సుమారు 13, 14 కిలోమీటర్లు. గంటలోపే ముగించాడని చెబుతారు. తన బండికి ఆయన పెట్టుకున్న పేరుకు తెలుగులో "పరుగు యంత్రము" అని అర్థము.

దానికి రెండేండ్ల ముందు, 1815 ఏప్రిల్‌లో, ఇండోనేషియాలోని టంబోరా అగ్నిపర్వతము బద్దలై ఆకాశములోకి దుమ్ము ఎగసింది. 1816లో ఐరోపాకు వేసవియే రాలేదు. పంటలు పోయాయి, గుర్రాల దాణా ధర పెరిగింది. గుర్రము లేకుండా నడిచే బండి ఆలోచన ఆ కరువులో నుండే పుట్టిందని కొందరు చరిత్రకారులు అంటారు, మరికొందరు ఒప్పుకోరు. ఏది ఎలాగున్నా, 1818లో డ్రైస్‌కు బేడెన్ సంస్థానములో ఆ బండిపై పది సంవత్సరాల హక్కు లభించింది. అయితే దానివలన ఆయన ధనవంతుడు కాలేదు. 1851లో పేదరికములోనే చనిపోయాడు.

ప్రియ చదువరులారా, ఇక్కడ ఒక సంగతి గమనించండి. ఆ బండికి పెడళ్ళు ఎప్పుడు వచ్చాయి? 1860ల దాకా రాలేదు. పారిస్ పట్టణములో పియేర్ మిషో, పియేర్ లాల్మాన్ వంటి వారి చేతులలో ముందు చక్రానికి పెడళ్ళు వచ్చాయి. లాల్మాన్ 1866లో అమెరికాలో పేటెంటు పొందాడు. అంటే మనుష్యులు రెండు చక్రాల మీద నిలవడము మొదట నేర్చుకొని, తొక్కడము నలభై ఏండ్ల తరువాత నేర్చుకున్నారన్న మాట. ముందు నిలకడ, తరువాత తొక్కుడు. చరిత్ర నడిచిన వరుస ఇది. మన పిల్లలకు మాత్రము మనము దీనిని తలక్రిందులుగా నేర్పుతుంటాము.

ఆ యింటి పెద్దాయనకు నాలుగేండ్ల మనుమడున్నాడు, కూతురి కొడుకు. తల్లిదండ్రులు రెండు వీధుల అవతల ఉంటారు గనుక ప్రతి సాయంత్రమూ వాడు తాతగారి యింటనే. వానికి పెడళ్ళు లేని చిన్న కొయ్య సైకిలున్నది. అక్కడ దానిని "పరుగు చక్రము" అని అర్థము వచ్చే మాటతో పిలుస్తారు. డ్రైస్ దొర బండికి అది మనుమరాలి వంటిది. రెండేండ్ల బిడ్డలు సైతము దాని మీద కూర్చొని కాళ్ళతో నేలను తన్నుకుంటూ పోతారు. మా వాడైతే నాలుగు తన్నులు తన్ని, రెండు కాళ్ళూ పైకెత్తి, పిచ్చుక వలె పెరడంతా తిరిగి వచ్చేవాడు.

కాని షెడ్డులో మరొక సైకిలున్నది. పెడళ్ళున్న ఎర్ర సైకిలు, నాలుగవ పుట్టినరోజు కానుక. దానిని వాడు తాకడు. దాని మాట ఎత్తితే తాతగారి కాళ్ళ వెనుకకు పోతాడు. పడ్డాడు గనుక భయపడుతున్నాడని మొదట మేము అనుకున్నాము. దినానికి పదిసార్లు పడే వయస్సులో ఒక్క దెబ్బకు అంత భయము దేనికి? మూడవ దినము సాయంత్రము ఆ యింటి పెద్దావిడ బంగాళాదుంపలు ఒలుస్తూ అసలు సంగతి చెప్పారు. పుట్టినరోజు మరునాడు తండ్రి వెనుక సీటు పట్టుకొని పరుగెత్తాడట. "నాన్నా, పట్టుకున్నావా?" అని వాడు అడిగాడు. "పట్టుకున్నాను, తొక్కు" అని తండ్రి చెప్పాడు. చెప్పి చేయి తీసేశాడు. బిడ్డ కొంత దూరము బాగానే పోయి, వెనుకకు తిరిగి చూశాడు. తండ్రి దూరముగా నిలబడి చప్పట్లు కొడుతున్నాడు. అంతే, పడ్డాడు. మోకాలు పది దినాలలో మానింది. వాడు ఇంటికి వచ్చి అన్న మాట మాత్రము మానలేదు. "నాన్న పట్టుకున్నానన్నాడు, పట్టుకోలేదు."

మేము ఒకరి ముఖము ఒకరము చూసుకున్నాము. మన ఊళ్ళలో ఎంతమంది తండ్రులు, అన్నలు, మేనమామలు సరిగ్గా ఇలాగే నేర్పారు! వెనుక క్యారియరు పట్టుకొని పరుగెత్తడము, "వదలను, వదలను" అంటూనే వదిలివేయడము. దానిని మనము అబద్ధముగా ఎంచము. అదొక యుక్తి అనుకుంటాము. చాలామంది పిల్లలు నవ్వుకొని మరచిపోతారు కూడా. కాని ఏ బిడ్డ మరచిపోతుందో, ఏ బిడ్డ మనస్సులో దాచుకుంటుందో మనకు ముందుగా తెలియదు.

ఆ తండ్రి చెడ్డవాడు కాడు. కొడుకంటే ప్రాణము. సైకిలుకు పక్క చక్రాలు రెండు బిగిద్దామని ఆయన అన్నాడు. తాతగారు ఒప్పుకోలేదు. ఎందుకో మాకు ఫిట్టరు భాషలో వివరించారు. రెండు చక్రాల బండి ఎడమకు ఒరిగితే హ్యాండిలును ఆ ఎడమకే కొంచెము తిప్పాలి. అప్పుడు చక్రాలు మనిషి కిందికి వచ్చి బండి నిలుస్తుంది. కుడికి ఒరిగితే కుడికి. సైకిలు తొక్కేవారందరూ తమకు తెలియకుండానే క్షణక్షణమూ చేసే పని ఇదే. పక్క చక్రాలున్న బండి ఒరగదు గనుక బిడ్డకు ఈ పని అలవాటు కాదు. తొక్కడము వస్తుంది, నిలకడ రాదు. చక్రాలు తీసిన దినము మళ్ళీ మొదటికి వస్తుంది. "మా వాడికి నిలకడ ఇప్పటికే వచ్చింది. వాడికి రాని విద్య తొక్కడము ఒక్కటే. కరువైనది నమ్మకము" అన్నారాయన.

ఆ మరునాడు ఆయన చేసిన పని చూసి మేము ఆశ్చర్యపడ్డాము. ఎర్ర సైకిలును పెరట్లోకి తెచ్చి, మనుమని చేతికి పానా ఇచ్చి, ఇద్దరూ కలిసి దాని పెడళ్ళు విప్పివేశారు! కుడి పెడలు మామూలు మరలాగే ఎడమకు తిప్పితే ఊడింది. ఎడమ పెడలు దానికి విరుద్ధముగా కుడికి తిప్పితే ఊడింది. ఎడమ పెడలుకు మర ఎదురుగా ఉంటుంది, తొక్కే కొద్దీ వదులు కాకుండా. సీటును బాగా కిందికి దించారు. కూర్చుంటే రెండు పాదాలూ పూర్తిగా నేలమీద ఆనాలి, మోకాళ్ళు కొంచెము వంగాలి. ఇప్పుడు ఎర్ర సైకిలు కూడా పరుగు బండియే. తనకు తెలిసిన విద్యే గనుక వాడు దానిని ఎక్కాడు.

తరువాత మూడు దినాలు పెడళ్ళ ఊసే లేదు. తాతగారు నేలమీద సుద్దముక్కతో గీతలు గీశారు. కాళ్ళు ఎత్తి ఎన్ని గీతలు దాటగలవో చూడమన్నారు. మేము పక్కన నిలబడి తెలుగులో లెక్కపెట్టాము. రెండవ నాటికి వాడే "ఒకతి, రెందు, మూదు" అంటూ దాటుతున్నాడు. కొత్త సైకిలు బరువెక్కువ గనుక ఆ బరువు అలవాటయింది. చేతి బ్రేకు నొక్కి ఒక గీత దగ్గర సరిగ్గా ఆగడము కూడా ఆటలో భాగమే. ఆగడము రాని బిడ్డకు పోవడము నేర్పకూడదని తాతగారి నియమము. చూపు చక్రము మీద కాక దూరాన ఉండాలని, కంచె దగ్గర పెద్దావిడను నిలబెట్టి, "అమ్మమ్మ ముఖము చూస్తూ రా" అనేవారు.

శనివారము వచ్చింది. ఉదయము తాతా మనుమడూ కలిసి పెడళ్ళు మళ్ళీ బిగించారు. సీటు పెంచలేదు. కాలు దించితే నేల అందుతుందన్న ధైర్యము ఆ దినానికి అవసరము. బాగా తొక్కడము వచ్చిన తరువాత, ముని వేళ్ళు ఆనేటంత ఎత్తుకు పెంచవచ్చును. ఆ సైకిలుకు పెడలు వెనుకకు తొక్కినా బ్రేకు పడుతుంది. అక్కడి పిల్లల సైకిళ్ళలో అది మామూలు. అటువంటి దానికి పెడలును వెనుకకు తిప్పి సరిచేసుకోలేము గనుక, వెనుక చక్రాన్ని కొంచెము పైకెత్తి, ఒక పెడలును ముందుకు, పైకి తెచ్చి పెట్టాలి. అప్పుడు మొదటి తొక్కుడుకు బలము అందుతుంది. ఇవన్నీ పూర్తిచేసి తాతగారు పక్కకు తప్పుకున్నారు. "ఇక్కడి నుండి నా పని కాదు" అని అల్లునికి ఫోను చేశారు.

దగ్గరలోని బడి ఆవరణలో, కొంచెము వాలుగా ఉన్న గట్టి నేలమీద తండ్రీ కొడుకులు నిలబడ్డారు. మేము దూరముగా బెంచీ మీద కూర్చున్నాము. వారి మాటలను తాతగారు మెల్లగా మాకు ఇంగ్లీషులో చెబుతూ వచ్చారు.

"పట్టుకుంటావా?" అని వాడు అడిగాడు.

"పట్టుకోను" అన్నాడు తండ్రి. "పక్కనే పరుగెత్తుతాను. నీవు పడబోతే నీ వీపు మీద చెయ్యి వేస్తాను. సైకిలును మాత్రము తాకను."

వాడు చాలాసేపు ఆలోచించాడు. మాకు గుండె కొట్టుకుంటున్నది. వద్దంటాడేమో, బలవంతము చేస్తారేమో అని. తండ్రి ఏమీ అనకుండా నిలబడ్డాడు. పక్కింటి పిల్లను చూపించలేదు, బ్రతిమాలలేదు, చాక్లెట్టు చూపలేదు. చివరకు వాడు కాళ్ళతో రెండు తన్నులు తన్నాడు. బండి కదిలింది. కాళ్ళెత్తాడు. ఒక పాదము పెడలును వెదకి పట్టుకున్నది, రెండవది తప్పిపోయింది. కాలు దించి ఆగాడు. తండ్రి సైకిలును తాకలేదు. మళ్ళీ కదిలాడు, మళ్ళీ ఆగాడు. నాలుగవసారి రెండు పాదాలూ పెడళ్ళను అందుకున్నాయి. ఒకటి, రెండు, మూడు, నాలుగు తొక్కులు. ఆవరణ చివర దాకా పోయి, బ్రేకు వేసి, కాలు దించి, పక్కకు చూశాడు. తండ్రి చెప్పిన చోటనే, పక్కనే ఉన్నాడు, రొప్పుతూ.

అప్పుడు వాడు తండ్రితో అన్న మాటను తాతగారు వెంటనే మాకు చెప్పలేదు. కళ్ళద్దాలు తుడుచుకొని, కొంతసేపటికి చెప్పారు. "నువ్వు పట్టుకోలేదు. పట్టుకోనని చెప్పావు" అన్నాడట.

మరునాడు ఆదివారము ఆరాధన అయిన తరువాత ష్వెట్సింగెన్ రాజభవనపు తోట చూడబోయాము. మన పిల్లిపీచర జాతికే చెందిన తెల్లని మొలకలను ఆ ఊరిలో కూరగా వండుకుంటారు. ఆ ప్రాంతమంతా దానికి ప్రసిద్ధి. జూన్ 24 దాటితే ఇక కోయరు. వేర్లకు విశ్రాంతి ఇస్తారు. తొందరపడితే మరుసటి ఏటి పంట పోతుందని కూరగాయలు అమ్మే ఆమె చెప్పింది. దారిలో పిల్లల సైకిళ్ళు ఎన్నో చూశాము. అక్కడి చట్టము ప్రకారము ఎనిమిదేండ్లు నిండేదాకా పిల్లలు రోడ్డు మీద తొక్కకూడదు. కాలిబాట మీద గాని, రోడ్డు నుండి వేరుచేసిన సైకిలు దారి మీద గాని పోవాలి. రోడ్డు దాటవలసి వస్తే దిగి నడిపించుకొని దాటాలి. నాలుగవ తరగతి పిల్లలకు పోలీసువారే వచ్చి సైకిలు పరీక్ష పెట్టడము అక్కడ వాడుక.

మన ఊళ్ళ సంగతి వేరు. మనకు కాలిబాటలు లేవు. ఉన్న ఒక్క రోడ్డు మీదనే లారీ, ఆటో, ట్రాక్టరు, గేదెలు. మన తరము వారు చాలామంది పెద్దల సైకిలుకే కడ్డీ కింద నుండి కాలు దూర్చి, ఒక ప్రక్కకు వంగి, సగము సగము తొక్కి నేర్చుకున్నారు. గంటకింతని అద్దె సైకిలు తెచ్చి, గంట అయ్యేలోపు పరుగున తిరిగి ఇచ్చినవారున్నారు. మోకాళ్ళ మీద మచ్చలు నేటికీ సాక్ష్యము. ఇప్పుడు చాలా ఇళ్ళలో చిన్న సైకిలున్నది, పక్క చక్రాలతో సహా. ఆ పిల్లల కొరకు ఈ నాలుగు మాటలు.

పరుగు బండి కొనవలసిన పని లేదు. ఉన్న చిన్న సైకిలుకే పక్క చక్రాలు, పెడళ్ళు తీయించి, సీటు దించితే చాలును. పెడళ్ళు బిగించే కడ్డీలు మిగిలి ఉంటాయి గనుక పిక్కలకు తగులుతాయేమో చూసుకోండి. సైకిలు బిడ్డకు తగినంత చిన్నదిగా ఉండాలి. "పెద్దదైతే నాలుగేండ్లు వస్తుంది" అనే లెక్క ఇక్కడ పనికిరాదు. కాళ్ళకు బూట్లు గాని, ఊడిపోని చెప్పులు గాని ఉండాలి. తలకు హెల్మెట్ దొరికితే మంచిది. లుంగీ, పావడా, ఓణీ వంటివి చైనులో, చక్రములో పడతాయి. స్థలము కొరకు బడి ఆవరణ, చర్చి ఆవరణ, కోతల తరువాత ఖాళీగా ఉన్న కళ్ళము వెదకండి. చెరువు గట్టు, బావి గట్టు, రోడ్డు వద్దు. కొంచెము వాలు ఉంటే మేలు. కాళ్ళెత్తి పది పదిహేను అంగల దూరము తడబడకుండా పోయి, బ్రేకు వేసి ఆగడము వచ్చేదాకా పెడళ్ళు పెట్టకండి. కొందరికి మూడు దినాలు, కొందరికి మూడు నెలలు. ఇది పందెము కాదు. ఆడపిల్లలకు కూడా నేర్పండి. రేపు హైస్కూలు మూడు మైళ్ళ దూరములో ఉన్నప్పుడు ఆ విద్య వారి చదువును నిలబెడుతుంది.

పట్టుకున్నంతసేపు పట్టుకున్నామని చెప్పండి. వదిలేటప్పుడు వదులుతున్నామని చెప్పండి. బిడ్డకు నిలకడ ముందే వచ్చి ఉంటే ఈ నిజము చెప్పడానికి మనకు భయముండదు. నిలకడ రాని బిడ్డను తొక్కించబోతేనే అబద్ధము అవసరమవుతుంది. ఇంటిలో తల్లిదండ్రుల మాట నిలుస్తుందని చూసిన బిడ్డకు, మనము చెప్పే దేవుని మాటను నమ్మడము కూడా కష్టము కాదు.

పెడళ్ళు తీయమంటే మీ ఊరి సైకిలు షాపు అబ్బాయి నవ్వవచ్చును. నవ్వనివ్వండి. ఎడమది కుడికి తిప్పాలని అతనికి మీరు చెప్పనవసరము లేదు, అతనికి తెలుసు. తీసిన పెడళ్ళను మాత్రము ఒక సంచిలో కట్టి, చీలలు పోకుండా భద్రముగా దాచండి. త్వరలోనే కావలసివస్తాయి.